గిటార్ పట్టుకుని వైజాగ్‌కి

గిటార్‌తో విమానం ఎక్కుతున్నామంటే అందరూ భయపెట్టేది విమానం గురించే. లగేజీ వాళ్లు విసిరేస్తారు, మెడ విరుగుతుంది, అడిగితే పైసా రాదు అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్లొచ్చాక నాకు తేలింది వేరు. విమానంలో గిటార్ ఉండేది గంటా గంటంపావు. సముద్రం పక్కన ఉండేది సెలవులన్నాళ్లూ. దాన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆ రెండోదే. టికెట్ మీద పెట్టినంత బుర్ర గది మీద కూడా పెట్టాలి.

ముందు టికెట్ సంగతి. మన దేశంలో చాలా ఎయిర్‌లైన్స్‌లో క్యాబిన్ బ్యాగు అంటే 7 కిలోలు, కొలతలు సుమారు 55, 35, 25 సెంటీమీటర్లు. మామూలు అకౌస్టిక్ గిటార్ పొడవు 41 అంగుళాలు, అంటే 104 సెంటీమీటర్లు. ట్రావెల్ గిటార్ అని అమ్మేవి కూడా 34 నుంచి 36 అంగుళాలుంటాయి. రూలు కచ్చితంగా పాటిస్తే ఆ కొలతలో పట్టేది చిన్న గిటార్‌లా ఉండే 21 అంగుళాల సొప్రానో ఉకులేలే లాంటివి, లేదంటే మడతపెట్టే గిటార్లు. చోటుంటే చిన్న వాయిద్యాల్ని లోపలికి రానిచ్చే సంస్థలున్నాయి, పక్క సీటు కొనుక్కోమనేవీ ఉన్నాయి. ఎయిర్‌బస్ 320 లాంటి దాంట్లో అయితే పై అరలో గిటార్ పడుతుంది, కాకపోతే ముగ్గురి బ్యాగుల చోటు తినేస్తుంది. ఏటీఆర్ అనే చిన్న ఫ్యాన్ల విమానంలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు. బుక్ చేసేటప్పుడే విమానం రకం రాసి ఉంటుంది, చూసుకోండి.

ఫోన్లో కస్టమర్ కేర్ అబ్బాయి "తీసుకురండి సార్, ఏం ప్రాబ్లమ్ ఉండదు" అన్నాడు. కౌంటర్లో అమ్మాయి కేసు వంక ఒక్క చూపు చూసి "ఇది చెకిన్‌లోనే సార్" అంది. ఇద్దరిదీ ఒకే కంపెనీ. ఫోన్లో చెప్పిన మాట మెయిల్లో రాయించుకోకపోతే అది గాలికి పోయిన మాటే. నేను ఎలాగూ హార్డ్ కేసుతో వెళ్లాను కాబట్టి వాదించకుండా ఇచ్చేశాను. గుడ్డ బ్యాగులో పెట్టుకుని, పైకి రానిస్తారన్న ధీమాతో వెళ్లేవాళ్లదే అసలు టెన్షన్. అక్కడ కాదంటే ఇంటికి వెనక్కి పంపడానికి మనిషి ఉండాలి.

బరువు లెక్క కూడా చూడండి. గిటార్ రెండు కిలోలు, హార్డ్ కేసు నాలుగైదు కిలోలు. దేశీయ విమానాల్లో సాధారణంగా ఇచ్చేది 15 కిలోలు. అందులో సగం దాకా గిటారే పోతే మిగిలిందే బట్టలకు. అదీ చాలక, ఆ 15 కిలోలు ఒకే బ్యాగులో ఉండాలన్న షరతు కొన్ని టికెట్లకు ఉంటుంది, అప్పుడు గిటార్ రెండో బ్యాగు కిందకొచ్చి విడిగా డబ్బు కట్టాలి. పొడవు, వెడల్పు, మందం కలిపితే 158 సెంటీమీటర్లు దాటకూడదన్న పరిమితి ఒకటుంది. హార్డ్ కేసు కలిపి కొలిస్తే 165 పైనే వస్తుంది. మా కౌంటర్లో టేపు తియ్యలేదు. తీసే కౌంటర్లు ఉంటాయి.

ఇక కౌంటర్లో ఇచ్చే చీటీ సంగతి. పగిలే వస్తువు అన్న స్టిక్కరుతో పాటు "లిమిటెడ్ రిలీజ్" అని ఒక ట్యాగు మీద సంతకం పెట్టించుకుంటారు. దెబ్బ తగిలితే మా పూచీ లేదన్నదే దాని సారాంశం. సంతకం పెట్టనంటే గిటార్ తీసుకోరు. అందుకని అసలు భరోసా మనం సర్దిన తీరులోనే ఉండాలి.

గిటార్ ఎక్కువగా విరిగేది తల దగ్గర, నట్టు (మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీ) వెనక సన్నగా ఉండే చోట. పెద్ద దెబ్బ పైనుంచి తగలక్కర్లేదు. కేసు ధబాలున పడితే శృతి చేసే మీటల బరువుకి తల ఒక్క ఊపు ఊగుతుంది, అది చాలు. స్టీలు తీగలు ఆరూ కలిసి డెబ్బై కిలోల పైచిలుకు బలంతో మెడని లాగుతుంటాయి, ఆ ఊపుకి ఈ లాగుడు తోడవుతుంది. నేను తీగల్ని రెండు మెట్లు దించాను, అంటే ఇ స్వరాన్ని డి స్వరం దాకా. పూర్తిగా వదిలేస్తే మెడ వెనక్కి వంగుతుందనే వాళ్లున్నారు, ఒక్క పూటకి ఏమీ కాదనే వాళ్లూ ఉన్నారు. నాకైతే సగం దించడమే నయమనిపించింది. తల కింద, తల పైన, మెడ పక్కన పాత టీషర్టులు కుక్కి, కేసు మూసి ఊపి చూస్తే లోపల చప్పుడు రాకూడదు. తీగలు కత్తిరించే కట్టరు, స్క్రూడ్రైవరు చెకిన్‌లో పడెయ్యాలి, సెక్యూరిటీ దగ్గర ఒప్పుకోరు. పవర్ బ్యాంకు దానికి ఉల్టా, చేతి బ్యాగులోనే ఉండాలి.

వైజాగ్ విమానాశ్రయం నౌకాదళం వాళ్ల ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఉంది. హడావుడి తక్కువ, బెల్టు దగ్గరికి నడక ఎంతో ఉండదు. పెద్ద సైజు సామాను విడిగా చేతికిస్తారని కౌంటర్లో చెప్పారు గానీ, నా కేసు మామూలు సూట్‌కేసుల మధ్యనే బెల్టు మీద పక్కకి ఒరిగి వచ్చింది. ఒక గొళ్లెం వంగిపోయింది. బయటికి నడవకుండా అక్కడే నేల మీద పెట్టి తెరిచాను. నట్టు వెనక గోరుతో మెల్లగా రాసి చూస్తే పగులు ఉన్న చోట గోరు పట్టి ఆగుతుంది. బ్రిడ్జి (పై పలక మీద తీగలు బిగించే చెక్క ముక్క) కింద కాగితం దూరుతుందేమో, మెడ ఒంటిని కలిసే చోట గీత పడిందేమో కూడా చూశాను. ఏమీ కాలేదు. గొళ్లెం సంగతి అక్కడి డెస్క్‌లో రాయించాను, పీఐఆర్ అనే ఫిర్యాదు కాగితం ఇచ్చారు. అది లేకుండా గేటు దాటితే తర్వాత ఎన్ని మెయిళ్లు పెట్టినా వినేవాళ్లుండరు. అది ఉన్నా గొళ్లేనికి డబ్బు రాలేదనుకోండి, ట్యాగు మీద సంతకం ఉంది కదా అన్నారు.

బయట క్యాబ్ వచ్చింది. డిక్కీ తెరిస్తే సీఎన్‌జీ సిలిండరు. గిటార్ వెనక సీట్లో పడుకుంది, మా ఆవిడ ముందు సీట్లో, నేను గిటార్ పక్కన ఒదిగి. డ్రైవరు అద్దంలో చూసి "ఏటండీ అది, వీణా?" అని అడిగాడు. గిటార్ అంటే కొంచెం నిరాశపడ్డట్టే కనిపించాడు. డిక్కీ ఖాళీగా ఉన్నా నేను పెట్టేవాణ్ని కాదు లెండి. ఎండలో ఆపిన కారు డిక్కీలో బ్రిడ్జి జిగురు మెత్తబడి లేచి వస్తుంది.

మొదట దిగింది బీచ్ రోడ్డులో, సముద్రం కనిపించే గది. గదికి వంక పెట్టడానికి లేదు, కిటికీ తీస్తే ఎదురుగా బంగాళాఖాతం. కానీ గిటార్‌కి ఇంతకంటే పనికిరాని గది ఉండదు. బాల్కనీ అద్దం మీద పొద్దున వేలితో గీస్తే ఉప్పు జిడ్డు తగిలింది. అదే జిడ్డు తీగల మీదా పడుతుంది. చెమట చేతులు తోడైతే మామూలు తీగలు రెండు మూడు రోజుల్లో గరగరలాడతాయి. పూత వేసిన తీగలు కాస్త ఎక్కువ ఆగుతాయి. అకౌస్టిక్ గిటార్‌కి 45 నుంచి 55 శాతం తేమ బాగుంటుంది. నా దగ్గరున్న చిన్న తేమ మీటరు బాల్కనీలో 80 దగ్గర ఆడింది, ఏసీ వేసిన గదిలో 55కి దిగింది. ఈ మూల నుంచి ఆ మూలకి పదే పదే మారడం చెక్కకి మంచిది కాదు. పై పలక ఉబ్బితే తీగలు ఎత్తయి, నొక్కడానికి వేళ్లు నొప్పెడతాయి. వాయించాక తీగలు పొడిగుడ్డతో తుడిచి, కేసులో రెండు సిలికా జెల్ పొట్లాలు పడేసి మూసేయడమే. బయట స్టాండు మీద అందంగా నిలబెట్టే ముచ్చట హైదరాబాద్‌లోనే తీర్చుకోవాలి. ఇంకో సంగతి, రాత్రి పది దాటగానే రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది. మర్యాదగానే చెప్పారు. పక్క గది వాళ్లదీ తప్పు కాదు.

తర్వాత ఎంవీపీ కాలనీలో మా బావమరిది ఇంట్లో ఉన్నాం. సముద్రానికి మరీ దూరం కాదు గానీ మధ్యలో నాలుగు వరసల ఇళ్లున్నాయి. గిటార్ అక్కడే కుదురుగా శృతిలో నిలబడింది. "బావా, సముద్రం చూడ్డానికి వచ్చి గోడలు చూస్తన్నావేటి" అని వాడి వెటకారం. డబ్బు మిగిలింది, భోజనం బాగుంది. అలా చుట్టాలు లేనివాళ్లు కూడా బీచ్‌కి ఎదురుగా కాకుండా సిరిపురం, ఎంవీపీ వైపు లోపలి వీధుల్లో గది చూసుకుంటే గిటార్‌కీ జేబుకీ హాయి.

వాయించడానికి చోట్లు. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం దగ్గర సాయంత్రం గిటార్ తియ్యడం దండగ. హారన్లు, మురీ మిక్చరు బళ్లు, పిల్లల ఈలలు, మీరు వాయించేది మీకే వినపడదు. అదే చోటికి తెల్లవారుజామున వెళితే వేరే ఊరు. నడిచేవాళ్లే తప్ప బళ్లు పలచగా ఉంటాయి, గట్టు మీద కూర్చుంటే ఎవరూ పట్టించుకోరు. రుషికొండ ఈతకి, నీటి ఆటలకి బాగుంటుంది, శుభ్రమైన బీచ్‌లకిచ్చే నీలి జెండా (బ్లూ ఫ్లాగ్) గుర్తింపు కూడా 2020లో వచ్చింది. గిటార్ ఉన్నవాడికి అక్కడ చేతులు ఖాళీ ఉండవు. యారాడ అందంగా ఉంటుంది గానీ కొండ దాటి పోవాలి, చీకటి పడేలోపు తిరిగి రావాలి. అన్నిట్లోకీ నాకు నచ్చింది భీమిలి. డచ్చి వాళ్ల సమాధులున్న ఊరు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. జనం పలచన. ఒక పాత ఇంటి వసారాలో హోమ్‌స్టే దొరికింది. ఏసీ లేదు, ఫ్యాను చప్పుడు చేస్తుంది, బాత్రూమ్ ఓ మాదిరి. అయినా ఆ వసారాలో రాత్రి భోజనాలయ్యాక గంటసేపు వాయిస్తే ఇంటావిడ కుర్చీ తెచ్చుకుని కూర్చుంది. "పాత పాటేదైనా వచ్చా బాబూ" అని అడిగింది. హోటల్ రిసెప్షన్ ఫోన్‌కీ దీనికీ తేడా డబ్బుతో లెక్కకట్టలేం.

అరకు కూడా వెళ్లాం, పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైల్లో. 2017 నుంచి దానికి అద్దాల విస్టాడోమ్ పెట్టె వేస్తున్నారు. సొరంగాలొచ్చినప్పుడల్లా పెట్టె అంతా అరుపులు. గిటార్‌ని మాత్రం బావమరిది ఇంట్లోనే వదిలేశాను. కింద ఉక్కపోత, పైన చలి, మళ్లీ సాయంత్రానికి కింద ఉక్కపోత అంటే దాన్ని హింసించడమే. రాత్రి ఉండేవాళ్లయితే తీసుకెళ్లొచ్చు, అక్కడ టూరిజం వాళ్ల హరిత రిసార్టుల్లో చెట్ల కింద కూర్చోవడానికి చోటు బాగానే ఉంది. బొంగు చికెన్ తిన్న చేతుల్తో మాత్రం వద్దు.

ఈ ప్రయాణంలో నేను గట్టిగా చెప్పే చోటు టూరిస్టు లిస్టుల్లో అంతగా కనపడదు. విజయనగరం మీదుగా బొబ్బిలి, దాని పక్కన గొల్లపల్లి. బొబ్బిలి వీణలు తయారయ్యేది అక్కడే. దారిలో విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పిన చోటు. అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. గొల్లపల్లిలో ఆగాం. పనస దుంగ ఒక్కటే తొలిచి కుండ, దండి అన్నీ అందులోనే తీస్తారు, అతుకు లేని ఏకాండి వీణ అంటారు. ఒక పెద్దాయన నా గిటార్ చూస్తానంటే ఇచ్చాను. వాయించలేదు. పై పలక మీద వేలి కణుపుతో నాలుగు చోట్ల కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, "తేమ పట్టింది, ఇంటికెళ్తే అదే తేరుకుంటాది" అన్నాడు. వీణ మెట్లు నిలబడేది మైనం మీద, అది ఎండకి కరుగుతుంది, బండి డిక్కీలో పెట్టొద్దని కొనేవాళ్లకి చెప్పి పంపుతాడట. షోకేసులో పెట్టుకునే చిట్టి వీణలూ అక్కడే దొరుకుతాయి. పెద్ద వీణ కొని విమానంలో తేవాలనుకునేవాళ్లు ముందు గట్టి పెట్టె మాట్లాడుకోవాలి, లేదంటే విడదీసే వీణ చూసుకోవాలి.

తిరుగు ప్రయాణానికి విమానం వద్దనుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాం. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. పగలే వెళ్లేవాళ్లకి 2023 జనవరి నుంచి వందే భారత్ ఉంది, సికింద్రాబాద్‌కి ఎనిమిదిన్నర గంటలు. రైల్లో టేపు పెట్టేవాళ్లు లేరు, సంతకాల్లేవు. పై బెర్తు మీదే బుక్ చేసుకోండి, గిటార్ గోడవైపు, మనిషి ఇటువైపు. కింది సీటు కింద తోస్తే రాత్రి ఎవరో ఒకరు సూట్‌కేసుతో దాన్ని లోపలికి కుమ్ముతారు. పాత గిటారో, కొత్తది కొన్నా ఫరవాలేదనుకునేదో అయితే విమానంలో హార్డ్ కేసులో వెయ్యండి, గంటలో దిగిపోవచ్చు. ఖరీదైనది, లేదా నాన్నగారు కొనిచ్చినది అయితే మాత్రం రైలే.