అన్నదమ్ముల దుకాణానికి రాతకోతలు: హన్మకొండలో మేం తీసుకున్న సర్వీసు మీద నా రివ్యూ

ఆఫీసు పేరు రాయట్లేదు, రాస్తే మేం ఎవరమో మా బజార్‌లో సగం మందికి తెలిసిపోతుంది, ఇందులో మా ఇంటి లెక్కలు ఉన్నాయి. హన్మకొండలో ఒక సీఏ, బ్యాంకు మేనేజర్‌గా రిటైరైన ఇంకో పెద్దాయన కలిసి నడుపుతున్న చిన్న ఆఫీసు అది. కుటుంబ వ్యాపారాలకు కొత్త పార్ట్‌నర్‌షిప్ డీడ్ (భాగస్థుల ఒప్పంద పత్రం), అన్నదమ్ముల మధ్య ఒప్పందం, పిల్లలు దుకాణంలోకి ఎలా రావాలి, ఎవరైనా తప్పుకుంటే ఎలా, ఇవన్నీ అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించి రాసిస్తారు. ఫీజు 40,000, స్టాంపులు, రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే. అన్నదమ్ములు ఇంకా ఒకచోట కూర్చుని టీ తాగుతున్న ఇల్లయితే ఈ డబ్బు దండగ కాదు. ఇప్పటికే కోర్టుకెక్కిన వాళ్ళకు ఇది పనికిరాదు, అలాంటివి వాళ్ళే ఒప్పుకోరు.

మాది వరంగల్ బీట్ బజార్ వైపు కిరాణా హోల్‌సేల్. తాత పెట్టిన దుకాణం, ఇప్పుడు పెద్దబాపు, మా బాపు, చిన్నబాపు ముగ్గురు భాగస్థులు. నర్సంపేట, పరకాల, ములుగు దిక్కు చిన్న దుకాణాలవాళ్ళు మా దగ్గర ఉద్దెరకు (అప్పుకు) సరుకు తీసుకుపోతారు. కంప్యూటర్‌లో టాలీ సాఫ్ట్‌వేర్ మీద లెక్కలు, జీఎస్టీ నేను చూస్తా. తాత ఉన్నప్పుడు రాయించిన పాత డీడ్ పేజీన్నర ఉంటుంది, "లాభనష్టాలు సమానం" అన్న ముక్క తప్ప అందులో పనికొచ్చేది ఏమీ లేదు. రిజిస్ట్రేషన్ కూడా లేదు. పాలబిల్లు, పిల్లల ఫీజులు, పెళ్ళి ఖర్చులు, ఆస్పత్రి, అన్నీ గల్లాలోంచే. ఎవరు ఎంత తీశారో తాతకు నోటికి ఉండేది, ఆయన పోయాక ఎవరి లెక్క వాళ్ళ మనసులో ఉండిపోయింది.

మొదటి మీటింగులో రిటైర్డ్ మేనేజర్ గారు డీడ్ సంగతే ఎత్తలేదు. ముగ్గురికీ తలా ఒక కాగితం ఇచ్చి, ఈ ఏడాది మీరు గల్లాలోంచి ఎంత తీసుకున్నారు, మీ అన్నదమ్ములు ఎంత తీసుకున్నారనుకుంటున్నారు అని రాయమన్నారు. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక్కరి అంకె ఇంకొకరితో కలవలేదు. ఎవరూ దొంగలెక్క రాయలేదు, నాకు తెలుసు, నేను టాలీలో చూశా. కానీ ప్రతి ఒక్కరూ తమది తక్కువ, అవతలివాళ్ళది ఎక్కువ అనే అనుకుంటున్నారు. ఇన్నేళ్ళ గుసగుసలకు మూలం అక్కడుంది. ఈ ఒక్క పని కోసమైనా వాళ్ళకు ఫీజు ఇవ్వచ్చు.

తర్వాత ఆయన చెప్పింది అందరం విన్నాం. దుకాణంలో నుంచి ఇంటికి వచ్చే డబ్బు మూడు రకాలు: చేసిన పనికి జీతం, పెట్టిన పెట్టుబడికి వడ్డీ, వాటాకు లాభం. మూడూ కలిపేసి గల్లాలో చెయ్యి పెడితే కష్టపడేవాడికి మోసపోయాననే బాధ, బయట ఉన్నవాడికి నన్ను పక్కన పెట్టారనే బాధ, రెండూ నిజమే అవుతాయి. పెద్దబాపు తెల్లారకముందే షట్టర్ ఎత్తి రాత్రి కట్టేదాకా ఉంటాడు, చిన్నబాపు కాంట్రాక్టు పనులు పెట్టుకుని దుకాణానికి ఎప్పుడో ఒకసారి వస్తాడు. 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం ప్రకారం డీడ్‌లో వేరేగా రాసుకోకపోతే లాభం సమానం, పనిచేసినందుకు భాగస్థుడికి జీతం అడిగే హక్కు లేదు. అంటే ఇన్నేళ్ళూ పెద్దబాపు చాకిరీకి కాగితం మీద విలువ సున్నా. అది విన్నాక చిన్నబాపే ముందుగా, అన్నకు జీతం రాయండి అన్నాడు. పెద్దబాపు ఎంతో ఏళ్ళుగా అడగలేక మింగిన మాట అది, ఎవరూ అడగకుండానే వచ్చింది. జీతం అంకె డీడ్‌లో స్పష్టంగా ఉండాలని, "అప్పుడప్పుడు మాట్లాడుకుని" అని రాస్తే ఇన్‌కంటాక్స్ వాళ్ళు ఖర్చుగా ఒప్పుకోరని సీఏ గారు చెప్పారు. పెట్టుబడి మీద వడ్డీ 12 శాతం దాటితే, దాటిన భాగం ఖర్చులో రాదు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఫర్ము భాగస్థులకు ఇచ్చే జీతం, వడ్డీ ఏడాదికి 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోయాలి, ఇది మా పాత ఆడిటర్ మాకు చెప్పనే లేదు.

రెండో మీటింగుకు ఆడవాళ్ళు కూడా ఉండాలని మేనేజర్ గారు పట్టుబట్టారు. బాపు మొదట నసిగాడు. పెద్దమ్మ ఎప్పుడూ దుకాణం మాటల్లో నోరు తెరవదు, ఆ రోజు ఒక్కటే అన్నది: "గోదాం నా పేరు మీదున్నది గని పైసలు దుకాణంవే. రేపు పంచుకునేటప్పుడు నన్ను దొంగను చెయ్యద్దు." ఎవరూ కాసేపు మాట్లాడలేదు. ఫర్ము డబ్బుతో కొన్న ఆస్తి, వేరే ఉద్దేశం కనబడకపోతే, ఎవరి పేరు మీదున్నా ఫర్ముదే అని చట్టం అంటుందని సీఏ గారు వివరించారు. ఆ గోదాం ఎప్పుడు, ఏ డబ్బుతో, ఎందుకు పెద్దమ్మ పేరు మీద కొన్నారో ముగ్గురు అన్నదమ్ములూ సంతకాలతో రాసిచ్చారు. ఆమె ముఖంలో ఆ రోజు కనిపించిన నిమ్మళం నేను మర్చిపోను. కుటుంబ వ్యాపారం అంటే సంతకం పెట్టే మగవాళ్ళే అనుకుని ఆడవాళ్ళను వంటింట్లో ఉంచే సలహాదారు దగ్గరకు మాత్రం పోకండి, ఎంత చవకైనా.

చావు గురించి కూడా మొహమాటం లేకుండా మాట్లాడించారు. డీడ్‌లో ఏమీ రాయకపోతే ఒక భాగస్థుడు పోయిన రోజే ఫర్ము రద్దయినట్టు. ఇద్దరే భాగస్థులుంటే డీడ్‌లో ఏం రాసుకున్నా నిలవదు, ఎందుకంటే ఒక్కడితో పార్ట్‌నర్‌షిప్ ఉండదు. పోయినవాళ్ళ లెక్క తేల్చకుండా మిగిలినవాళ్ళు అదే సొమ్ముతో వ్యాపారం నడిపితే, వారసులు ఆ వాటా వల్ల వచ్చిన లాభమైనా అడగచ్చు, లేదా ఏడాదికి 6 శాతం వడ్డీ అయినా అడగచ్చు. వీలునామా లేకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్ళు, బతికుంటే తల్లి, అందరికీ సమాన వాటా. కూతుళ్ళకు కట్నం ఇచ్చాం కదా అనే మాట మా ఇంట్లోనూ వచ్చింది. మేనేజర్ గారు గొంతు పెంచకుండానే హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ, 2005 కేంద్ర సవరణ, 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వరసగా చెప్పి, ఉమ్మడి ఆస్తిలో కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది, మీరు దయతో ఇచ్చేది కాదు అన్నారు. ధీరూభాయ్ అంబానీ 2002లో వీలునామా లేకుండా పోతే 2005లో ఆయన భార్య కోకిలాబెన్ మధ్యలో ఉండి కొడుకులిద్దరికీ పంచాల్సి వచ్చింది, అంత పెద్దవాళ్ళకే తప్పలేదు అని ఉదాహరణ చెప్పారు. విమానాశ్రయాలు నడిపే జీఎంఆర్ గ్రూపు కుటుంబం తమ ఇంటి నియమాలుగా రాసుకున్న "రాజ్యాంగం" గురించి కూడా చెప్పారు గానీ, అంత పెద్ద గ్రూపు ఏర్పాట్లు బీట్ బజార్ దుకాణానికి ఎందుకో నాకు అర్థం కాలేదు, ఆ అరగంట మా ఉద్దెర లెక్కల మీద పెడితే బాగుండేది.

ఇక లోపాలు. డ్రాఫ్టు ఇంగ్లిష్‌లో ఇచ్చారు. పెద్దబాపు ఏడో తరగతి, తెలుగు పేపర్ అక్షరం వదలకుండా చదువుతాడు, కానీ ఆయన సంతకం పెట్టే కాగితం ఆయన చదవలేడు. తెలుగు కాపీ అడిగితే వేరే డబ్బులు తీసుకున్నారు. ఇది నాకు అస్సలు నచ్చలేదు, ముగ్గురిలో ఒక్కరికి అర్థం కాకపోయినా అది ఒప్పందం ఎట్లవుతుంది? పైగా డ్రాఫ్టు ఎక్కడో ఉన్న నమూనా నుంచి దింపినట్టుంది, తగాదా వస్తే మధ్యవర్తి హైదరాబాద్‌లో కూర్చుంటాడని ఉంది. తగాదా పడేది మేము, ఉండేది వరంగల్‌లో, హైదరాబాద్ ఎందుకు? అడిగితే మార్చారు.

అంతకన్నా పెద్దది, తప్పుకునే భాగస్థుడికి పుస్తకాల్లోని విలువ ప్రకారం డబ్బు ఇవ్వాలని రాశారు. మా దుకాణం బిల్డింగు పుస్తకాల్లో ఎప్పటిదో కొన్న ధర మీద ఉంది. అలా రాస్తే తప్పుకున్నవాడు నిండా మునుగుతాడు. గుడ్‌విల్ (దుకాణం పేరుకున్న విలువ) మాటే లేదు. నేను పట్టుకున్నాక వాల్యుయర్‌తో లెక్క కట్టించి, మూడేళ్ళలో వాయిదాలుగా ఇవ్వాలని మార్చారు. వాయిదాలు అవసరమే, మా డబ్బంతా సరుకులో, ఉద్దెరలో ఉంటుంది, ఒకేసారి తీస్తే దుకాణం కూర్చుంటుంది. కానీ లెక్కలు తెలిసిన మనిషి ఇంట్లో లేకపోతే ఇలాంటివి ఎవరు చూస్తారు?

ఇంకొకటి. పిల్లలు వ్యాపారంలోకి రావాలంటే బయట కొన్నాళ్ళు పనిచేసి రావాలి, వచ్చాక జీతం మీద ఉండాలి, కొడుకైనా కూతురైనా ఒకటే పద్ధతి అని చాలా మంచి నియమాలు రాశారు, కానీ అవి "కుటుంబ ఒప్పందం" అనే వేరే పుస్తకంలో పెట్టారు, డీడ్‌లో పెట్టలేదు. దానికి డీడ్‌కున్న బలం లేదని నేను అడిగేదాకా చెప్పలేదు. ముఖ్యమైనవి డీడ్‌లోకి ఎక్కించమని పట్టుబట్టండి.

ఫర్ము రిజిస్ట్రేషన్ మాత్రం వాళ్ళే దగ్గరుండి చేయించారు. రిజిస్టర్ కాని ఫర్ముకు ఉద్దెర బాకీ మీద కోర్టులో దావా వేసే వీల్లేదని బాపుకు ఇన్నేళ్ళూ తెలియదు, మాలాగా అప్పు మీద నడిచే హోల్‌సేల్‌వాళ్ళు ఇదొక్కటైనా వెంటనే చేయించుకోవాలి.

నేనైతే 5కి 4 ఇస్తా. పని అయిపోయాక ఫోన్లు ఎత్తడం తగ్గించారు, ఇంకో అగ్రిమెంటు ఒకటి ఇంకా మా చేతికి రాలేదు, అందుకే ఫీజులో కొంత చివరిదాకా ఆపుకోండి. ఆఫీసు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు, పెద్దవాళ్ళుంటే ఇంటికే రమ్మనండి, ఆదివారం కూడా వస్తారు.