ఇల్లు మారాక రెండున్నరేళ్లు వాడిన ఫైబర్ కనెక్షన్: నిజాంపేట అపార్ట్‌మెంటులో నా అనుభవం

2023 ఆగస్టు చివరి వారంలో మేము దిల్‌సుఖ్‌నగర్‌లోని అద్దె ఇంటిని ఖాళీ చేసి, నిజాంపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటులోని మూడో అంతస్తుకు మారాము. ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చినందువల్ల, ఆషాఢం దాటినా మరో నెల ఆగి, నిజ శ్రావణంలో పాలు పొంగించుకున్నాము. అంటే కొత్త ఇంట్లో ఇంటర్నెట్ ఏర్పాట్లు చూసుకోవడానికి నాకు నిండా నెల రోజులు అదనంగా దొరికాయి. ఆ నెలంతా నేను ప్లాన్ల పట్టికలు చదువుతూ గడిపాను తప్ప, ఒక్కసారి కూడా ఆ భవనం సెల్లార్‌లోకి దిగి చూడలేదు. ఈ సమీక్షలో చెప్పదలచినదంతా ఆ పొరపాటు దగ్గరే మొదలవుతుంది.

మా ఇంటి అవసరం ఎలాంటిదో ముందుగా చెప్పాలి. నేను ఇంట్లోనే కూర్చుని చిన్న వ్యాపారుల జీఎస్టీ లెక్కలు చూస్తాను. ప్రతి నెలా 11వ తేదీన అమ్మకాల రిటర్ను, 20వ తేదీన పన్ను చెల్లింపు రిటర్ను దాఖలు చేయవలసి ఉంటుంది కనుక, ఆ రెండు రోజుల్లో నెట్ పోతే ఆలస్య రుసుము పడేది నా ఖాతాదారులకు, మాట పడేది నాకు. మా వారు వారంలో మూడు రోజులు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు. మా అబ్బాయి అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నాడు; కాలేజీ నుంచి వచ్చాక వాడి క్లాసులన్నీ తెర మీదే. సాయంత్రం ఏడు గంటలకు ఈ ముగ్గురి పనీ ఒకే తీగ మీద నడవాలి.

వేగం గురించి నేను పెట్టుకున్న బెంగ అనవసరమైనదని ఇప్పుడు తెలుస్తోంది. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు వంద మెగాబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్ కాబట్టి, అసలు లెక్కలో సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు. ఒక జీబీ ఫైలు దిగడానికి దాదాపు 80 సెకన్లు పడుతుంది. ఒక వీడియో సమావేశానికి మూడు నాలుగు ఎంబీపీఎస్ ఉంటే చాలు. నాలుగు నెలల పాటు 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని చూశాను. మా ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు, బిల్లు చూసిన నాకు తప్ప. తిరిగి వందకే వచ్చేశాను. ప్లాన్ ధర 699 రూపాయలు అని రాసి ఉంటుంది, 18 శాతం జీఎస్టీ కలిస్తే చేతి నుంచి పోయేది 825. జీఎస్టీ లెక్కలతోనే బతికే నేను కూడా మొదటి నెల ఈ సంగతి మరచి, బిల్లు ఎక్కువ వచ్చిందని ఫోన్ చేశానని ఒప్పుకుంటున్నాను. ప్లాన్ ఎంచుకునేటప్పుడు అడగవలసినది అప్‌లోడ్ వేగం. కొన్ని ప్లాన్లలో డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ సమానంగా ఉంటాయి, కొన్నింటిలో ఉండవు. సమావేశంలో మన ముఖం అవతలివారికి బొమ్మలా బిగుసుకుపోయి కనిపించడానికి చాలాసార్లు కారణం అప్‌లోడ్ వేగం తక్కువ కావడమే.

పాత ఇంట్లో మేము నాలుగేళ్లుగా వాడుతున్న సంస్థ పేరు చెప్పను. ఆ కనెక్షన్‌నే కొత్త చిరునామాకు మార్పించుకుందామనుకున్నాము, ఎందుకంటే ఏడాదికి ముందే డబ్బు కట్టి ఉన్నాము, అందులో ఇంకా నాలుగు నెలలు మిగిలి ఉన్నాయి. ఫోన్ చేస్తే పిన్‌కోడ్ అడిగి, ఆ ప్రాంతంలో తమ సేవ ఉందని, సామాను దించిన మర్నాడే మనిషి వస్తాడని చెప్పారు. మనిషి నిజంగానే మర్నాడు వచ్చాడు. సెల్లార్‌లోకి దిగి, మెట్ల కింద గోడకు ఉన్న పెట్టెలను చూసి, ఈ భవనంలోకి తమ కేబులే రాలేదని, వీధి చివరి స్తంభం నుంచి లాగాలంటే అసోసియేషన్ అనుమతి కావాలని చెప్పి వెళ్లిపోయాడు. పిన్‌కోడ్‌లో సేవ ఉండటం వేరు, మన భవనంలో ఉండటం వేరు అన్న సంగతి నాకు ఆ రోజే బోధపడింది. అసోసియేషన్ కార్యదర్శి ఊళ్లో లేరు. పదకొండు రోజులు ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొచ్చాము. మిగిలిన నాలుగు నెలల డబ్బు తిరిగి రాలేదు. అది కొత్త చిరునామాకు మాత్రమే బదిలీ అవుతుంది, వెనక్కు ఇవ్వడం కుదరదని షరతుల్లో ఉందట. ఉంది కూడా. చదవనిది నేనే.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త పడ్డాను. పాత ఇంటి నుంచి రౌటర్‌ను, దాని అడాప్టర్‌ను వెనక్కు తీసుకువెళ్లిన అబ్బాయి చేత తేదీ, సీరియల్ నంబరు వేసి రసీదు రాయించుకున్నాను. రెండు నెలల తరువాత ఆ పరికరం అందలేదంటూ సందేశం వచ్చినప్పుడు ఆ కాగితం ఫొటో పంపితే అంతటితో ఆగింది.

ఆ పదకొండు రోజుల్లో నేను చేసిన పనే మొదటి రోజు చేయవలసింది. వాచ్‌మన్ యాదయ్య భార్యతో కలిసి సెల్లార్‌లోకి దిగి చూస్తే, గోడ మీద మూడు పెట్టెలు కనిపించాయి. అందులో ఒకటి మూత ఊడి, లోపలి తీగలు బయటకు వేలాడుతూ ఉంది. ఆ సంస్థ కనెక్షన్ తీసుకున్న ఇల్లు భవనంలో ఒక్కటే మిగిలిందని ఆమె చెప్పింది. రెండోది ఒక పెద్ద సంస్థది, మూడోది ఆ కాలనీలోనే దుకాణం ఉన్న కేబుల్ ఆపరేటర్ ద్వారా నడిచేది. ఏ పెట్టెకు ఎవరు ఎన్నిసార్లు వస్తారో వాచ్‌మన్ కుటుంబానికి తెలిసినంతగా ఏ కస్టమర్ కేర్‌కూ తెలియదు. పైనా కిందా నాలుగు ఇళ్లవారిని అడిగాను: నెట్ పోతే ఎన్ని గంటల్లో వస్తుంది, రాత్రి తొమ్మిదింటికి ఎలా ఉంటుంది, లైన్‌మన్ నంబరు మీ దగ్గర ఉందా. మూడో ప్రశ్నకు అవునన్నవారంతా కాలనీ ఆపరేటర్ కనెక్షన్ ఉన్నవారే. దాన్నే తీసుకున్నాను. ఇప్పటికీ అదే వాడుతున్నాను.

బిగించే రోజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ అరగంటలో తీసుకున్న నిర్ణయాలతోనే తరువాత ఏళ్ల తరబడి కాపురం చేయాలి. వచ్చిన కుర్రవాడు హాల్లో టీవీ వెనుక మూల చూపించి, అక్కడైతే తీగ తక్కువ పడుతుందన్నాడు. మా పని గది ఇంటికి అవతలి కొసలో ఉంది, మధ్యలో వంటగది గోడ, పూజగది గోడ. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం దూరం పోతుంది కానీ నిదానం. 5 గిగాహెర్ట్జ్ చురుకైనది కానీ గోడ అడ్డం వస్తే నీరసించిపోతుంది. అందుకని పట్టుబట్టి, రౌటర్‌ను హాలుకూ గదులకూ మధ్య నడవాలో, అటక కింద, ఆరడుగుల ఎత్తున పెట్టించాను. పన్నెండు మీటర్ల తీగ అదనంగా పట్టింది, దానికి మూడు వందలు ఇచ్చాను. అక్కడి నుంచి నా బల్ల దగ్గరకు, వైఫైతో పని లేకుండా రౌటర్‌ను కంప్యూటర్‌కు నేరుగా కలిపే ల్యాన్ తీగ కూడా ఒకటి లాగించాను. ఈ రెండున్నరేళ్లలో పెట్టిన ఖర్చులన్నింటిలో ఇంత ఫలితం ఇచ్చింది మరొకటి లేదు. 20వ తేదీ రాత్రి ఇంట్లో అందరూ వైఫై మీద పడి ఉన్నా నా కంప్యూటర్ దారి దానిదే.

ఫైబర్ తీగ రాగి తీగ లాంటిది కాదు. లోపల ఉన్నది వెంట్రుక మందాన గాజు. గట్టిగా మడిస్తే విరగకపోయినా, ఆ వంపు దగ్గర వెలుతురు బయటకు కారిపోతుంది. మా ఇంట్లోకి దాన్ని ఏసీ గొట్టం రంధ్రం గుండా తెచ్చారు. కిటికీ అంచున నూనె డబ్బా మూత అంత గుండ్రంగా వంపు తిప్పమని నేను చెప్పాల్సి వచ్చింది. రౌటర్ పేజీ తెరిస్తే అందులో అందుతున్న కాంతి బలం డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది. మొదటి రోజు మైనస్ 19 ఉంది. దాన్ని తలుపు వెనుక క్యాలెండర్ మీద రాసి పెట్టుకున్నాను. మైనస్ 27 దరిదాపులకు దిగితే కనెక్షన్ తెగడం మొదలవుతుంది. ప్రతి మూడు అంకెలకూ కాంతి సగానికి సగం తగ్గినట్లు లెక్క. ఒక ఏడాది తరువాత నెట్ నిమిష నిమిషానికీ పోయి వస్తుంటే, కస్టమర్ కేర్‌వారు రౌటర్‌ను ఆపి మళ్లీ వేయమని నాలుగోసారి చెప్పినప్పుడు, మైనస్ 19 ఉన్నది మైనస్ 26కు వచ్చిందని చెప్పాను. ఆ మధ్యాహ్నమే లైన్‌మన్ వచ్చాడు. సెల్లార్ పెట్టెలో ఎలుక తీగ పైతొడుగు కొరికి ఉంది.

ఇక ఎన్నిసార్లు పోయిందన్న లెక్క. గంటకు మించి ఆగిపోయిన సందర్భాలను అదే క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటూ వచ్చాను, రెండున్నరేళ్లలో పద్నాలుగు. అందులో ఎనిమిది వానాకాలంలో, రెండు వినాయక చవితి రోజుల్లో. ఎత్తైన విగ్రహం వీధిలోకి వచ్చేటప్పుడు అడ్డు వచ్చిన తీగలను కర్రతో పైకి లేపుతారు, లేవకపోతే కత్తిరిస్తారు. ఆపరేటర్ కుర్రాళ్లు ఆ రెండు రోజులూ తెగిన ఫైబర్‌ను అతికించే స్ప్లైసింగ్ యంత్రంతో వీధిలోనే తిరుగుతారు కాబట్టి సాయంత్రానికి వచ్చేసింది.

అసలు దెబ్బ 2025 ఆగస్టులో తగిలింది. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో విద్యుదాఘాతంతో ఐదుగురు చనిపోయిన తరువాత, నగరమంతటా కరెంటు స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను తొలగించడం మొదలైంది. ప్రాణాలు పోయిన చోట నా నెట్ పోయిందని ఫిర్యాదు చేయడం సబబు కాదు. స్తంభాల మీద చిక్కుపడిన ఆ తీగల గుట్టలను చూసిన ఎవరైనా అది ఎప్పుడో జరగవలసిన పని అనే అంటారు. కానీ మా వీధి తీగలు తెగినది సరిగ్గా 19వ తేదీ మధ్యాహ్నం. ముప్పై ఒక్క రిటర్నులు ఫోన్ హాట్‌స్పాట్ మీద పంపాను. మాకు తిరిగి రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఎదురు వరుసలో ఒక సంస్థ కేబుల్ భూమిలోని గొట్టం గుండా రావడంతో ఆ ఇళ్లకు ఒక్క గంట కూడా ఆగలేదు. అందువల్ల ఇప్పుడు ఇల్లు చూడటానికి వెళ్లే మా బంధువులకు నేను చెప్పేది, సెల్లార్ పెట్టెతో పాటు తల ఎత్తి స్తంభాన్ని కూడా చూడమని. ఆంధ్రప్రదేశ్‌లో 149 రూపాయలకు మొదలైన ఫైబర్‌నెట్ కూడా ఊరూరా విద్యుత్ స్తంభాల మీదుగా వెళ్లినదే. స్తంభం మీద వచ్చే తీగ చవక, త్వరగా వస్తుంది, త్వరగానే పోతుంది కూడా.

రాత్రి ఎనిమిది నుంచి పదకొండు వరకు వేగం కొంత తగ్గుతుంది. మన ఇంటికి వచ్చే గాజు తీగ నేరుగా సంస్థ కార్యాలయం నుంచి వచ్చేది కాదు. ఒక తీగను దారిలో ముప్పై రెండు లేదా అరవై నాలుగు ఇళ్లకు చీలుస్తారు, సుమారు రెండున్నర జీబీపీఎస్‌ను, అంటే 2500 ఎంబీపీఎస్‌ను, వాళ్లందరూ పంచుకుంటారు. మాకు వంద కాస్తా డెబ్బైకి వస్తుంది. దానితో ఇబ్బంది ఏమీ కలగలేదు.

కరెంటు పోతే నెట్ పోవాల్సిన పని లేదని చాలామందికి తెలియదు. అవతలి కొసలో సంస్థ బ్యాటరీలు ఉంటాయి. ఆగిపోయేది మన రౌటరే. 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి పదిహేను వందలకు కొని తగిలించాను. కొనేముందు అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు సరిపోయాయో లేదో చూసుకోవాలి. దానితో మా రౌటర్ మూడు గంటలు నడుస్తుంది.

కాలనీ ఆపరేటర్ విషయంలో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. బిల్లు సరిగా రాదు. ఫోన్ పే చేసిన ప్రతిసారీ అడిగితే తప్ప పన్ను రసీదు పంపడు. బయటి నుంచి మా ఇంటి కెమెరా చూడాలనుకున్నప్పుడు, ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌కే సొంతంగా ఉండే పబ్లిక్ ఐపీ చిరునామా కావాలంటే విడిగా కట్టాలన్నారు, ఎందుకంటే ఒకే చిరునామా వెనుక వందల ఇళ్లను ఉంచుతారు. లైన్‌మన్ వ్యక్తిగత నంబరుకు ఫోన్ చేస్తే పని త్వరగా అవుతుంది, కానీ ఫిర్యాదు ఎక్కడా నమోదు కాదు. అందుకని ఇప్పుడు ముందు కస్టమర్ కేర్‌కు చేసి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య, తీసుకుంటాను, ఆ తరువాతే అతనికి చేస్తాను. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ఆ నంబరు ఉంటేనే పరిష్కారం కాని ఫిర్యాదును సంస్థలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీ దగ్గరకు తీసుకువెళ్లగలం. నెట్ ఆగిన ఆ నాలుగు రోజులకు బిల్లులో తగ్గింపు నాకు దాని వల్లే వచ్చింది.

మేము మారిన మూడు వారాలకు, ఆ ఏడాది వినాయక చవితి సమయంలో, జియో ఎయిర్‌ఫైబర్ హైదరాబాద్‌తో పాటు మరి కొన్ని నగరాల్లో మొదలైంది. తీగ లేకుండా, మేడ మీద పెట్టే పరికరం 5జీ సంకేతం అందుకుంటుంది. ఐదో అంతస్తువారు అది పెట్టించుకున్నారు. 2025 ఆగస్టులో మా అబ్బాయి పుస్తకాలు పట్టుకుని వాళ్లింటికే వెళ్లి చదువుకున్నాడు. ఏడాదో రెండేళ్లో ఉండి ఇల్లు మారిపోయేవారికి, అసోసియేషన్ కొత్త కేబుల్‌ను రానివ్వని భవనాల్లో ఉన్నవారికి అది బాగుంటుందని నా అభిప్రాయం. నా పనికి మాత్రం తీగనే నమ్ముకుని, వేరే నెట్‌వర్క్ సిమ్ ఒకటి పాత ఫోన్‌లో వేసి బల్ల సొరుగులో ఉంచాను.

వచ్చే ఆగస్టుకు మా అద్దె ఒప్పందం ముగుస్తుంది. ఇంటివారు పొడిగిస్తారో లేదో ఇంకా చెప్పలేదు. అందుకే మొన్న ఆపరేటర్ ఏడాదికి కడితే రెండు నెలలు ఉచితమన్నా, మూడు నెలలకే కట్టాను.