ఎస్ఏటీనా, ఏసీటీనా? మన పిల్లలకి ఏది మేలు?

టెన్త్ గ్రేడ్ అయిపోయి సమ్మర్ మొదలైందంటే చాలు, డాలస్ చుట్టుపక్కల మన వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఇదే ప్రశ్న, ఇక్కడి కాలేజీ అడ్మిషన్లకి ఈ రెండు టెస్టుల్లో ఏది రాయించాలని. మా చిన్నమ్మాయికి ఈమధ్యే తేల్చుకున్నాం కాబట్టి నన్నూ అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా ఒకసారి రాసి పడేస్తే పోతుందని రాస్తున్నా.

కాలేజీల వరకు రెండూ ఒకటే. ఎంఐటీకైనా యూటీ ఆస్టిన్‌ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్)కైనా ఏది పంపినా ఒకేలా చూస్తారు, "ఎస్ఏటీకి వెయిట్ ఎక్కువ" అని ఎవరైనా అంటే విని వదిలేయండి. అసలు టెస్టే అక్కర్లేదు కదా అనేవాళ్ళకి ఒక మాట, ఆ రోజులు చాలావరకు పోయాయి. ఎంఐటీ 2022లోనే మళ్ళీ పెట్టింది, 2024లో హార్వర్డ్, బ్రౌన్, కాల్‌టెక్, యూటీ ఆస్టిన్ వరసపెట్టి అదే బాట పట్టాయి. యూసీలు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) మాత్రం అడ్మిషన్‌కి పంపినా చూడవు. ఇక్కడ టెక్సస్‌లో హైస్కూల్ క్లాసులో టాప్ 5 పర్సెంట్‌లో ఉంటే యూటీ ఆస్టిన్‌లో సీటు ఆటోమేటిక్కే కానీ, సీటు వేరు, కంప్యూటర్ సైన్స్ వేరు. మేజర్ గ్యారంటీ లేదు, అక్కడ ఈ స్కోరూ చూస్తారు.

సరే, అసలు విషయం. అందరూ టైము గురించి, క్వశ్చన్ల సంఖ్య గురించే కొట్టుకుంటారు. నా లెక్కలో తేల్చేది అది కాదు, మొత్తం స్కోరులో మ్యాథ్స్ వాటా ఎంత అన్నది. ఎస్ఏటీలో 1600కి 800 మ్యాథ్స్, అంటే సగం. ఏసీటీలో 2025 నుంచి సైన్స్ ఆప్షనల్ చేసేశారు, ఇప్పుడు కాంపోజిట్ (36కి వచ్చే మొత్తం స్కోరు) అంటే ఇంగ్లిష్, మ్యాథ్స్, రీడింగ్ మూడింటి సగటు, అంటే మ్యాథ్స్ మూడో వంతే, మిగతా రెండు వంతులూ భాషే. ఇదివరకు నాలుగు సెక్షన్లున్నప్పుడు సైన్స్ కూడా గ్రాఫులు, టేబుల్సు చూసి చెప్పేదే కాబట్టి లెక్కల పిల్లలకి అది కాస్త ఆసరాగా ఉండేది, ఇప్పుడు కాంపోజిట్‌లో అదీ లేదు.

మన ఇళ్ళల్లో సంగతి తెలిసిందేగా, ఎలిమెంటరీ నుంచే కుమాన్ అని ఇంకోటని తిప్పి, మిడిల్ స్కూల్లోనే ఆల్జీబ్రా చేయించేస్తాం, పుస్తకం చదవమంటే మాత్రం సమ్మర్ రీడింగ్ లిస్టు దాటి ఒక్కటి ఎక్కువ చదివించం. అలాంటి పిల్లాడు ఒకడున్నాడనుకోండి, ఎస్ఏటీ మ్యాథ్స్ 780, రీడింగ్-రైటింగ్ 640, మొత్తం 1420. అధికారిక పోలిక టేబుల్ ప్రకారం అది ఏసీటీ 32తో సమానం. అదే పిల్లాడు ఏసీటీలో మ్యాథ్స్ 34, ఇంగ్లిష్ 28, రీడింగ్ 27 తెచ్చుకుంటే సగటు 30, అంటే ఎస్ఏటీలో 1370 దగ్గర. ఇవి నేను ఊహించి వేసిన మార్కులే అనుకోండి, కానీ ఇలాంటి పిల్లలు మీకూ ఓ నలుగురు తెలిసే ఉంటారు. ఇప్పుడు తిరగేసి చూడండి, ఎప్పుడూ ఏదో ఒక నవల చేతిలో పట్టుకుని తిరిగే అమ్మాయికి మ్యాథ్స్ 640, ఇంగ్లిష్ వైపు 750 వస్తే 1390, అది 31. ఏసీటీలో ఇంగ్లిష్ 35, రీడింగ్ 34, మ్యాథ్స్ 27 అయితే సగటు 32. పిల్లలు మారలేదు, వాటా మారిందంతే.

చదివించే తీరు కూడా దీనికే తోడవుతుంది. ఎస్ఏటీలో చిన్న పేరా, దానికి ఒకటే క్వశ్చన్, అయిపోయింది, తర్వాతది. ఒకటి అర్థం కాకపోయినా పోయేది ఒక్కటే. ఏసీటీలో పొడుగు పాసేజ్, దాని కింద వరసగా బోలెడు క్వశ్చన్లు, పాసేజ్ తలకెక్కకపోతే గంపగుత్తగా పోతాయి. టైము చూస్తే ఎస్ఏటీ మ్యాథ్స్‌లో 44 క్వశ్చన్లకి 70 నిమిషాలు, ఏసీటీలో 45కి 50 నిమిషాలు. పైగా ఎస్ఏటీలో ఫార్ములా షీటు ఇస్తారు, ఏసీటీలో ఇవ్వరు. ఎస్ఏటీ రాసే బ్లూబుక్ యాప్‌లోనే డెస్మోస్ అనే గ్రాఫింగ్ కాలిక్యులేటర్ కూడా ఉంటుంది, అది బాగా వాడటం వచ్చిన పిల్లలు సగం ఈక్వేషన్లు గ్రాఫు గీసే తేల్చేస్తున్నారు (మనం ఎంసెట్‌కి చేత్తో చేసి చచ్చాం!). ఎంసెట్ లాగే రెండిట్లోనూ నెగటివ్ మార్కులు లేవు, ఒక్కటి కూడా ఖాళీగా వదలొద్దని పిల్లలకి చెప్పండి.

ఎస్ఏటీలో నాకు నచ్చనిది ఒకటుంది, ఆ అడాప్టివ్ గోల. ప్రతి సెక్షన్ రెండు మాడ్యూల్స్, మొదటిది ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోది కష్టంగానో తేలిగ్గానో వస్తుంది, తేలికది వచ్చిందంటే ఇంక అన్నీ కరెక్ట్ పెట్టినా పెద్ద స్కోరు రాదు. మొదట్లో తడబడి తర్వాత కుదురుకునే పిల్లలు, సిల్లీ మిస్టేకులు చేసే పిల్లలు దీనివల్ల దెబ్బతింటారు. ఏసీటీలో ఆ బాధ లేదు, అందరికీ ఒకే వరస, కావాలంటే పేపర్ మీద కూడా రాయొచ్చు, స్క్రీన్ మీద చదవలేని పిల్లలకి అది పెద్ద వరమే.

ఎస్ఏటీ వైపు ఇంకో కారణం, లెవెన్త్‌లో అక్టోబర్‌లో వచ్చే పీఎస్ఏటీ, ఎస్ఏటీకి ముందు రాసే ప్రాక్టీస్ లాంటి టెస్ట్. అదే యాప్, అదే తరహా క్వశ్చన్లు, సమ్మర్‌లో చేసిన ప్రిపరేషన్ రెండిటికీ పనికొస్తుంది. పీఎస్ఏటీ స్కోరు చూసి ఎంపిక చేసే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్ మీద ఆశ ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, దానికి వేసే సెలక్షన్ ఇండెక్స్‌లో రీడింగ్-రైటింగ్‌ని రెండుసార్లు లెక్కేస్తారు, మ్యాథ్స్‌ని ఒక్కసారే. అక్కడ ఇంగ్లిష్‌ని తప్పించుకోలేం, టెక్సస్ కటాఫ్ కూడా ఏమంత తక్కువ ఉండదు.

అందుకని మా ఇంట్లో ఎస్ఏటీయే. మీవాడు లెక్కల పిల్లాడైతే మీరూ అదే పట్టుకోండి, రెండూ రాయించి డబ్బులు తగలెయ్యక్కర్లేదు. పుస్తకాల పురుగైతే, గబగబా చదివేస్తే మాత్రం ఏసీటీ ఒకసారి చూడకుండా వదలొద్దు. ఎటూ తేలకపోతే బ్లూబుక్‌లో ఒక ఫుల్ టెస్ట్, ఏసీటీ వాళ్ళ సైట్లో ఒకటి, రెండూ ఫ్రీయే, వేరే వేరే వీకెండ్లలో టైమర్ పెట్టి రాయించి టేబుల్‌లో పోల్చండి. రెండూ పక్కపక్కనే వస్తే పిల్లలు ఏదంటే అదే.

ఏసీటీ రాసేవాళ్ళు సైన్స్ తీసుకోవాలా అంటే, ఇంజనీరింగ్ వైపు అయితే మీ లిస్టులో ఉన్న కాలేజీల సైట్లు చూసుకుని తేల్చుకోండి, కొన్ని ఇంకా అడుగుతున్నాయి. సీఎల్‌టీ అని మూడోది కూడా ఉంది, ఫ్లోరిడా పబ్లిక్ యూనివర్సిటీలు తీసుకుంటాయి, అక్కడ ఉండేవాళ్ళు చూసుకోండి, మిగతావాళ్ళు మీ లిస్టులోని కాలేజీలు తీసుకుంటాయేమో చూసుకుంటే చాలు. ఎస్ఏటీకి సమ్మర్ తర్వాత మొదటి డేట్ ఆగస్టులో వస్తుంది, దగ్గర సెంటర్లు తొందరగా నిండిపోతాయి కాబట్టి ఇండియా ట్రిప్ టికెట్లు కొనేముందు ఆ డేట్ చూసుకోండి.