‘సబ్సిడీ పోను ఇంతే’ అనే సోలార్ కొటేషన్లతో జాగ్రత్త

ఇంటిమీద మూడు కిలోవాట్ల సోలార్‌కు కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద వచ్చే సబ్సిడీ 78,000 రూపాయలు. మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000. ఆ డబ్బు వెండర్ (సోలార్ బిగించేవాడు) చేతికి రాదు. నెట్ మీటర్ (లైన్లోకి పంపిన కరెంటునూ, వాడిన కరెంటునూ లెక్కించే మీటర్) పెట్టి, తనిఖీ పూర్తయ్యాక మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. కాబట్టి ‘సబ్సిడీ పోను లక్షా చిల్లర’ అని నోటిమాటగా చెప్తే ఒప్పుకోకండి. పూర్తి ధర ఎంతో, సబ్సిడీ ఎంతో వేరువేరుగా కాగితం మీద రాయించుకోండి.

అసలు మోసం ప్యానెళ్ల దగ్గర. సబ్సిడీ రావాలంటే డీసీఆర్ ప్యానెళ్లే పెట్టాలి. అంటే ప్యానెల్ ఒక్కటే కాదు, లోపలి సెల్ కూడా మన దేశంలో తయారై ఉండాలి. చైనా సెల్స్ తెప్పించి ఇక్కడ అద్దం, ఫ్రేము బిగించిన సరుకు మీదా ‘మేడ్ ఇన్ ఇండియా’ అనే ఉంటుంది! పేరున్న కంపెనీలు కూడా రెండు రకాలూ అమ్ముతాయి, డీసీఆర్ కానిది చవక. కంపెనీ పేరు చూపించి ఒప్పించి, చవకది బిగించి పోతారు. కరెంటు అదీ బాగానే ఇస్తుంది గనుక సబ్సిడీ ఆగేదాకా ఎవరికీ అనుమానం రాదు.

అందుకని కొటేషన్‌లో ‘డీసీఆర్’ అన్న మాట, మోడల్, ఒక్కో ప్యానెల్ వాట్లు ఉండాల్సిందే. సరుకు దిగగానే, డాబా ఎక్కించకముందే, ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరు ఫోటో తీసి డీసీఆర్ పోర్టల్‌లో సరిచూడండి. స్ట్రక్చర్ మీద బిగించాక వెనక లేబుల్ చదవాలంటే కింద దూరాల్సిందే.

లెక్క కూడా పెట్టండి. 540 వాట్లవి ఆరైతే 3.24 కిలోవాట్లు, అయిదైతే 2.7 మాత్రమే. ఇన్వర్టర్ మూడు కిలోవాట్లది పెట్టినా, ప్యానెళ్ల మొత్తం, ఇన్వర్టర్ రెండింట్లో ఏది తక్కువో దాని మీదే సబ్సిడీ కడతారు.

కరెంటు బిల్లు ఇంకా చనిపోయిన తాతగారి పేరు మీదే ఉందా? ముందు సర్వీసు పేరు మార్పించుకోండి. బిల్లులో ఒక పేరు, బ్యాంకు ఖాతాలో ఇంకో పేరు ఉంటే డబ్బు దగ్గర చిక్కు వస్తుంది. సూర్యఘర్ పోర్టల్‌లో దరఖాస్తుకు మీ ఫోన్ నంబరే ఇవ్వండి. వెండర్ తన నంబరు పెట్టాడంటే ఫైలు ఎక్కడుందో మీకు తెలియదు.

‘కరెంటు పోయినా ఫ్యాన్లు తిరుగుతాయి’ అనే మాట మామూలు ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపిన) సెట్టుకు పచ్చి అబద్ధం. లైన్లో కరెంటు పోతే ఆ ఇన్వర్టర్ తనంతట తానే ఆగుతుంది. లేకపోతే స్తంభం మీదున్న లైన్‌మన్‌కు షాక్ కొడుతుంది. కోతల్లోనూ నడవాలంటే బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి, ఆ ఖర్చు వేరే.

ఎర్తింగ్ మూడు కావాలి: ప్యానెళ్ల వైపు ఒకటి, ఇన్వర్టర్ నుంచి ఇంటికి వెళ్లే ఏసీ కరెంటు వైపు ఒకటి, పిడుగు కడ్డీకి విడిగా ఒకటి. ఒకే గుంటలో మూడు తీగలు కలిపేసి వెళ్లేవాళ్లే ఎక్కువ. గుంటలు తవ్వేటప్పుడు దగ్గరుండండి, చివరి విడత డబ్బు నెట్ మీటర్ తిరిగాకే ఇవ్వండి.