హన్మకొండలో మా కొత్త ల్యాబ్: కట్టినవాళ్లకు మూడు స్టార్లు

మా హాస్పిటల్ ల్యాబ్ పై అంతస్తుకు మారి ఎనిమిది నెలలైంది. డిజైన్ నుంచి టేబుళ్ల దాకా ఒకే సంస్థ చేసింది. పేరు రాయను, బిల్లు పంచాయితీ ఇంకా తెగలేదు. నేను ల్యాబ్ ఇన్‌ఛార్జిని. ఇరవై రెండేళ్లుగా రక్తం ట్యూబులతోనే కాపురం.

ముందు మెచ్చుకోవాల్సింది చెప్తాను. పాత ల్యాబ్‌లో శాంపిల్ తీసుకునే కిటికీ ఒక మూలకు, ట్యూబులను గిరగిరా తిప్పి రక్తకణాలను వేరుచేసే సెంట్రిఫ్యూజ్ ఇంకో మూలకు ఉండేవి. పొద్దున రద్దీలో ట్యూబులు ర్యాక్‌లోనే ఉండిపోయేవి. తిప్పకుండా ఉంచితే రక్తకణాలు గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. ఇప్పుడు కిటికీ పక్కనే సెంట్రిఫ్యూజ్, దాని పక్కనే బయోకెమిస్ట్రీ మెషీన్. మధ్యలో గోడల్లేవు. టేబుళ్లకు చక్రాలున్నాయి, కరెంటు సీలింగ్ నుంచి దిగుతుంది. కొత్త మెషీన్ వచ్చిన రోజు ఒక్క గోడా పగలగొట్టలేదు. ఫ్లోరింగ్‌ను గోడ మీదికి కొంచెం వంచి ఎక్కించారు. "ఇగ మూలలు గోకే పని తప్పింది మేడం" అంది మా ఆయమ్మ.

అసలు గొడవ మైక్రోబయాలజీ గదిది. టీబీ అనుమానం ఉన్నవాళ్ల కఫం డబ్బాలు తెరిచేది అక్కడే. బయటి గాలి లోపలికి పోవాలి తప్ప లోపలిది కారిడార్‌లోకి రాకూడదు. అప్పగించే రోజు గోడకున్న గాలి ఒత్తిడి మీటర్ చూపించి సంతకం పెట్టమన్నారు. నేను రిసెప్షన్‌లో దేవుడి పటం దగ్గరి అగర్‌బత్తి ఒకటి తెచ్చి, మూసిన తలుపు సందు దగ్గర పెట్టాను. లోపలికి పోవాల్సిన పొగ నా మొహం మీదికొచ్చింది.

ఎగ్జాస్ట్ లాగే గాలి కంటే ఏసీ తోసేదే ఎక్కువని తేలింది. పైగా ఏసీ గ్రిల్ సరిగ్గా కఫం డబ్బాలు తెరిచే బయోసేఫ్టీ క్యాబినెట్‌కు ఎదురుగా పెట్టారు. క్యాబినెట్ ముందు లోపలికి లాగే ఆ సన్నటి గాలే మాకు రక్ష. దాన్ని ఏసీ చెదరగొడితే లక్షలు పోసి కొన్నది ఉత్త అల్మారా. ఇంజినీరు అబ్బాయి మంచివాడే, కానీ వీటిని కిచెన్ చిమ్నీలా అనుకున్నాడు.

పదిసార్లు ఫోన్ చేశాక గ్రిల్ జరిపారు, పెద్ద ఫ్యాన్ పెట్టారు. ఇప్పుడు పొగ లోపలికే పోతోంది. ఫ్యాన్ ఖర్చు మాత్రం మా మీదే వేశారు, మా మేనేజర్ ఆఖరి చెక్కు ఆపేశాడు. గోడ మీది మీటర్ ఆ రోజు ఎంత చూపించిందో ఇప్పుడూ అంతే చూపిస్తోంది.