ఓసీడీకి వీడియో కాల్ థెరపీ: నా రివ్యూ

ఓసీడీ అంటే అక్కర్లేని ఆలోచనలు వదలకుండా వేధించి, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు. గ్యాస్ కట్టేశానా, తాళం వేశానా అని మళ్లీ మళ్లీ చూసుకోవడంతోనే నా పొద్దంతా గడిచిపోయేది. ఆఫీసుకు రోజూ ఆలస్యమే. "వేశావులే" అని మా ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఆ ధైర్యం కాసేపే. అందుకే ఈ థెరపీలో చేరాను.

మొదటి కాల్‌లో వై-బాక్స్ అనే పది ప్రశ్నల పరీక్ష పెట్టారు. 40కి వచ్చిన స్కోరును బట్టి తీవ్రత అంచనా వేస్తారు. ఆ తర్వాత ఈఆర్‌పీ, అంటే భయపెట్టే పరిస్థితిని కావాలనే ఎదుర్కొని, మళ్లీ మళ్లీ చూసుకోకుండా ఆగే సాధన. మనస్తత్వవేత్త విక్టర్ మేయర్ 1966లో ప్రచురించిన చికిత్సానుభవాలు దీనికి మూలం. తాళం ఒక్కసారే వేసి, లాగి చూడకుండా వెళ్లిపోవాలి. టెన్షన్ పెరిగిపోతుంది, గుండె దడదడలాడుతుంది. అయినా వెనక్కి రాకూడదు. ఆ భయాన్ని తట్టుకోగలనని మనకే తెలిసిరావాలి. నాకు తెలిసివచ్చింది. థెరపిస్టు ఫోన్‌లో తోడున్నారు గానీ "ఏం కాదు" అని ఒక్కసారీ అనలేదు. మొదట్లో కోపమొచ్చేది. పదేపదే ఇచ్చే భరోసా కూడా ఈ జబ్బుకు మేతేనని మా ఆయనకూ ఓపిగ్గా వివరించారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

యాప్ రిమైండర్లు మాత్రం మరీ ఎక్కువ. మందుల కోసం సైకియాట్రిస్టును విడిగా కలవాలి. ఓసీడీని "అతిశుభ్రం" అని నవ్వి వదిలేసే ఇళ్లవాళ్లు కుటుంబ సెషన్ కోసమైనా చేరండి.