మెసేజా, ఫోనా, వీడియో కాలా: దిగులుగా ఉన్న మనిషికి ఏది మేలు?

దగ్గరివాళ్లు దిగులుగా ఉన్నారని తెలిస్తే చాలామంది ముందు వాట్సాప్ తెరుస్తారు. నేనైతే మెసేజ్‌ని అన్నిటికన్నా చివర పెడతాను.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో లెస్లీ సెల్ట్‌జర్, సెత్ పోలాక్ బృందం 7 నుంచి 12 ఏళ్ల ఆడపిల్లల చేత కొత్తవాళ్ల ముందు మాట్లాడించింది, లెక్కలు చేయించింది. పిల్లలు కంగారుపడ్డారు. తర్వాత కొందరిని తల్లులు దగ్గరికి తీసుకున్నారు. కొందరితో ఫోన్‌లో మాట్లాడారు. మిగతావాళ్లకు తల్లి పలకరింపు లేదు, ఒక సినిమా చూపించారంతే. తల్లి ఒడి చేరిన పిల్లల్లోనే కాదు, ఫోన్‌లో ఆమె గొంతు మాత్రమే విన్న పిల్లల్లోనూ దగ్గరితనానికి ముడిపడిన హార్మోన్ ఆక్సిటోసిన్ పెరిగింది, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. ఇది 2010 నాటి ఫలితం. 2012లో చాటింగ్‌నీ కలిపి చూశారు. తల్లితో చాట్ చేసిన పిల్లల్లో ఆక్సిటోసిన్ పెరగలేదు, కార్టిసాల్ తల్లి పలకరింపే లేని పిల్లల్లో ఉన్నంత ఎక్కువగానే ఉంది. చాట్‌లోనూ ఓదార్చింది ఆ అమ్మే, కానీ గొంతు లేదు. చిన్న ప్రయోగమే, అదీ ఆడపిల్లలతోనే. అయినా నా మనసులో బలంగా నాటుకుపోయింది.

పక్కన ఉండగలిగితే దానికి సాటి లేదు. 2006లో జేమ్స్ కోన్ బృందం 16 మంది వివాహిత స్త్రీలకు కరెంటు షాక్ తగలొచ్చని చెప్పి, ఎంఆర్‌ఐలో వాళ్ల మెదడును గమనించింది. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు ప్రమాదానికి మెదడు స్పందన తగ్గింది. కాపురం ఎంత అన్యోన్యంగా ఉంటే అంత ఎక్కువగా తగ్గింది. పరాయి మనిషి చెయ్యి కూడా కొంత సాయపడింది గానీ అంత కాదు.

మరి ఫోన్ చేయడానికి వెనకాడతామెందుకు? ఇబ్బందిగా ఉంటుందేమోనని. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2021లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాత స్నేహితులకు ఫోన్ చేస్తే మాటలు తడబడతాయని జనం ముందే భయపడ్డారు. తీరా చేశాక ఈమెయిల్ కన్నా ఎక్కువ ఇబ్బందేమీ కలగలేదు, దగ్గరితనం మాత్రం ఎక్కువ కలిగింది. కొత్తవాళ్ల మధ్య జరిపిన మరో ప్రయోగంలో వీడియో వల్ల, ఉత్త గొంతు కంటే అదనంగా ఒరిగిందేమీ పెద్దగా లేదు.

వినికిడి లేనివాళ్లకు ఈ లెక్క వర్తించదు. నలుగురిలో ఉండి మాట్లాడలేనివాళ్లకూ మెసేజే దిక్కు. "ఎప్పుడు చేయమంటావు?" అని అడగడానికి కూడా అదే మంచిది.

కాలిఫోర్నియాలో ఉన్న కొడుకుకి వేసవిలో రాత్రి 8 గంటలైతే విజయవాడలో మర్నాడు ఉదయం 8:30. ఉద్యోగం పోయిందని వాడు ఆ వేళ మెసేజ్ పెడితే, జవాబు టైపు చేస్తూ కూర్చోకండి. వీడియోలో కళ్లు చెమర్చడం కనబడుతుందని ఇద్దరికీ మొహమాటమైతే మామూలు కాలే చేయండి.